పొమ్మనే చట్టం, పోలేని మనుషులు

ప్రతి ఏటా ఏప్రిల్ 14న మేము నలుగురం డాలస్ శివార్లలో ఒక అపార్ట్‌మెంట్‌లో కలుస్తాం. బాబాసాహెబ్ ఫొటో ముందు కొవ్వొత్తి వెలిగించి, వండుకుని తిని, రాత్రి దాకా మాట్లాడుకుంటాం. మాలో ఇద్దరం పీహెచ్‌డీ విద్యార్థినులం. ఒకరు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నాలుగో మనిషి మాలో పెద్దది, అందరం గుంటూరు అక్క అంటాం. ఆమె భర్తది హెచ్-1బి వీసా, ఆమెది హెచ్-4. ఈసారి జయంతికి అక్క సరిగా తినలేదు. ఏంటక్కా అని అడిగితే, "టెక్సాస్ వదిలి పోదామనుకుంటున్నామే" అంది.

బావ ఉద్యోగం పోయిందేమో అనుకున్నాం. అది కాదు. వాళ్లు బిడ్డను కనాలనుకుంటున్నారు, అందుకే వెళ్లిపోవాలనుకుంటున్నారు.

వినడానికి తలకిందులుగా ఉంటుంది. అబార్షన్ చట్టాలు పిల్లలు వద్దనుకునే వాళ్ల గొడవ కదా, కావాలనుకునే వాళ్లకేం భయం? మాకూ మొదట అదే అనిపించింది. అప్పుడు అక్క తన పాత సంగతి చెప్పింది. పెళ్లయిన రెండో ఏడు, గుంటూరులో ఉన్నప్పుడు, మూడో నెలలో కడుపు పోయింది. రక్తం ఆగలేదు. ఆ రాత్రే ఆసుపత్రిలో గర్భసంచి శుభ్రం చేశారు. "ఆ పూట ఎవరూ ఎవర్నీ పర్మిషన్ అడగలేదు. మా అమ్మ ఒక సంతకం పెట్టింది, డాక్టరమ్మ పని చేసింది. ఇక్కడ అదే జరిగితే డాక్టరు ముందు నా వైపు చూస్తాడా, లాయరు వైపు చూస్తాడా?"

ఆ ప్రశ్న చుట్టూ మేము కొన్ని వారాలు మాట్లాడుకున్నాం, చదివాం, పోట్లాడుకున్నాం. ఆ క్రమంలో మాకు అర్థమైన సంగతులు ఇవి.

చట్టం ఏం చెబుతోంది

2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో తీర్పు ఇచ్చింది. 1973 నాటి రో వర్సెస్ వేడ్ తీర్పుతో దాదాపు 50 ఏళ్లు నిలిచిన రాజ్యాంగ రక్షణ ఆ రోజుతో పోయింది. అబార్షన్‌ను అనుమతించాలో నిషేధించాలో ఏ రాష్ట్రానికారాష్ట్రం తేల్చుకోవచ్చంది కోర్టు.

టెక్సాస్ అంతకు ముందే సిద్ధమై ఉంది. 2021 సెప్టెంబరు 1 నుంచి ఎస్‌బి 8 అనే చట్టం అమల్లోకి వచ్చింది. పిండంలో గుండె కదలిక కనిపించాక, అంటే సుమారు ఆరు వారాల తర్వాత, అబార్షన్ చేయకూడదు. ఆరు వారాలంటే చాలామందికి నెల తప్పిన సంగతి అప్పుడప్పుడే తెలుస్తుంది. డాబ్స్ తీర్పు తర్వాత, 2022 ఆగస్టు 25 నుంచి, దాదాపు పూర్తి నిషేధం వచ్చింది. అత్యాచారం వల్ల వచ్చిన గర్భానికి కూడా మినహాయింపు లేదు. తల్లి ప్రాణానికి, లేదా ఆమె శరీరంలోని ముఖ్యమైన అవయవ వ్యవస్థకు తీవ్ర ముప్పు ఉంటేనే చేయవచ్చు. అబార్షన్ చేయించుకున్న స్త్రీ మీద ఈ చట్టం కింద కేసు ఉండదు. చేసిన డాక్టరుకు మాత్రం యావజ్జీవం దాకా జైలు, కనీసం లక్ష డాలర్ల జరిమానా, లైసెన్సు రద్దు.

కడుపు పోయినప్పుడు చేసే చికిత్సను ఈ చట్టం నిషేధించలేదు. పిండం చనిపోయాక తొలగించడం అబార్షన్ కిందకు రాదని చట్టంలోనే రాసి ఉంది. చిక్కంతా మధ్య స్థితిలో ఉంది. ఉమ్మనీరు పోయింది, గర్భద్వారం తెరుచుకుంది, బిడ్డ బతకదని అందరికీ తెలుసు, కానీ పిండంలో గుండె ఇంకా కొట్టుకుంటోంది. అప్పుడు గర్భసంచి ఖాళీ చేయాలంటే వాడే మందులు, చేసే పని అబార్షన్‌కు వాడేవే. ఇన్ఫెక్షన్ ఎంత ముదిరితే "ప్రాణాపాయం" అనాలి? జ్వరం వచ్చాకా? స్పృహ తప్పాకా? ఈ ప్రశ్నకు వైద్యశాస్త్రం ఇచ్చే జవాబు ఒకటి, జైలు భయం ఇచ్చే జవాబు ఇంకొకటి.

ఈ గందరగోళం మీద టెక్సాస్ స్త్రీలు, డాక్టర్లు కోర్టుకెళ్లారు. 2024 మే 31న టెక్సాస్ సుప్రీంకోర్టు వాళ్ల వాదన తోసిపుచ్చి, ఉన్న మినహాయింపు చాలంది. ఏడాది తర్వాత, 2025లో, అదే రాష్ట్ర శాసనసభ మినహాయింపును వివరిస్తూ కొత్త చట్టం చేయాల్సి వచ్చింది. ప్రాణం మీదికి వచ్చేదాకా డాక్టరు ఆగనక్కర్లేదని అందులో రాశారు. మంచిదే. కానీ అప్పటికి నాలుగేళ్లు గడిచాయి. ఆ నాలుగేళ్ల భయం ఒక సవరణతో ఆసుపత్రి కారిడార్లలోంచి పోతుందని అక్కకు నమ్మకం లేదు. మాకూ లేదు.

17 వారాలు

భారతీయ స్త్రీలకు ఈ భయం కొత్త కాదు. దానికి ఒక పేరుంది. సవితా హలప్పనవర్.

కర్ణాటకలోని బెళగావి నుంచి ఐర్లండ్ వెళ్లిన దంతవైద్యురాలు ఆమె. వయసు 31. 2012 అక్టోబరులో, 17 వారాల గర్భంతో, కడుపు పోతున్న నొప్పులతో గాల్వేలో ఆసుపత్రిలో చేరింది. బిడ్డ దక్కదని తేలాక అబార్షన్ చేయమని అడిగింది. పిండంలో గుండె కొట్టుకుంటోంది కాబట్టి కుదరదన్నారు. ఇన్ఫెక్షన్ రక్తంలోకి పాకి అక్టోబరు 28న చనిపోయింది. ఆమె చావు ఐర్లండ్‌ను కుదిపేసింది. 1983లో రాజ్యాంగంలో చేర్చిన ఎనిమిదో సవరణను 2018 మే 25న ప్రజాభిప్రాయ సేకరణలో 66 శాతానికి పైగా ఓటర్లు రద్దు చేశారు.

సవిత చనిపోయిన తొమ్మిదేళ్లకు, 2021 సెప్టెంబరులో, హ్యూస్టన్‌లో జోసెలీ బార్నికా చనిపోయింది. హోండురాస్ నుంచి వచ్చిన వలస స్త్రీ, వయసు 28, ఒక పాప తల్లి. ఆమెకూ 17 వారాలే. ఆమెకూ కడుపు పోతోంది. పిండం గుండె ఆగేదాకా 40 గంటలు ఆమెను అలాగే ఉంచారని, ఆ తర్వాత ఇన్ఫెక్షన్‌తో చనిపోయిందని ప్రోపబ్లికా వార్తా సంస్థ 2024లో బయటపెట్టింది. అదే ఏడాది అదే సంస్థ జార్జియాలో అంబర్ థర్మన్ మరణం గురించీ రాసింది. 28 ఏళ్ల నల్లజాతి తల్లి. అది తప్పించగలిగిన మరణమని ఆ రాష్ట్ర మాతృ మరణాల సమీక్షా కమిటీయే తేల్చింది.

ఈ మూడు పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఒకటి కనిపిస్తుంది. సవిత చదువుకున్న వృత్తి నిపుణురాలు. భాష వచ్చు, భర్త పక్కనే ఉన్నాడు, అడగాల్సింది అడిగింది. అయినా చట్టం ముందు ఆమె మాట చెల్లలేదు. మరి భాష సరిగా రాని, ఇన్సూరెన్సు లేని, కాగితాలు లేని స్త్రీ మాట ఎంత చెల్లుతుంది? అమెరికాలో 2021లో లక్ష జననాలకు నల్లజాతి తల్లుల మరణాలు 69.9, తెల్లజాతి తల్లుల మరణాలు 26.6. డాబ్స్ తీర్పుకు ముందు లెక్క ఇది. నిషేధం ఈ పునాది మీద కట్టిన ఇంకో అంతస్తు.

ఊరి కళ్లు

మా నలుగురిలో ఒక్కొక్కరి స్పందన ఒక్కో రకం. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అయిన చెల్లి తీర్పు వచ్చిన వారంలోనే నెలసరి తేదీలు రాసుకునే యాప్‌ను ఫోన్‌లోంచి తీసేసింది. ఒకరికి కోపం వచ్చింది. ఇంకొకరు "నాకు పెళ్లే కాలేదు కదా" అని ఊపిరి పీల్చుకుని, అలా పీల్చుకున్నందుకు సిగ్గుపడ్డారు. అక్క మాత్రం లెక్కలు కట్టడం మొదలుపెట్టింది. ఏ వారంలో ఏ పరీక్ష, ఏ వారంలో ఏ ప్రమాదం, ఏ రాష్ట్రం ఎన్ని గంటల దూరం. కొన్ని నెలలుగా తన శరీరాన్ని ఒక కేసు ఫైలులా చూసుకుంటోంది.

బయటి తెలుగు వాళ్లలో ఎక్కువగా వినిపించే మాట "మన వాళ్లకి ఇవన్నీ ఎందుకులే" అనేది. ఇల్లు చవక, రాష్ట్ర ఆదాయ పన్ను లేదు, బళ్లు బాగుంటాయి, పిలిస్తే పలికే తెలుగు వాళ్లున్నారు. ఇవన్నీ వదిలి పోతామంటే కారణం చెప్పాలి. అక్క ఒకసారి ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో రిస్కు ఉన్న గర్భాలు చూసే మంచి డాక్టరు ఎవరని అడిగింది. రెండు పేర్లు గ్రూపులో వచ్చాయి. "ఏవైంది, ఎన్నో నెల?" అంటూ అయిదు మెసేజ్‌లు విడిగా వచ్చాయి. ఇంటిపేరు అడిగి, ఊరు అడిగి, చివరికి "ఊళ్లో ఏ వైపు?" దాకా వచ్చే మనుషులు వాళ్లు. కులం దాచుకుని తిరిగే చోట కడుపు సంగతి ఎలా చెప్పుకుంటాం?

ఎస్‌బి 8ను మేము ప్రత్యేకంగా గుర్తుపట్టింది ఇక్కడే. ఆ చట్టాన్ని అమలు చేసేది పోలీసు కాదు. నిషేధం దాటి అబార్షన్ చేసినవారి మీద, దానికి సాయపడినవారి మీద ఎవరైనా సివిల్ దావా వేయొచ్చు. గెలిస్తే కనీసం 10,000 డాలర్లు. బాధితులే కానక్కర్లేదు, ఏ సంబంధమూ ఉండక్కర్లేదు. 2025లో అబార్షన్ మాత్రలు తయారుచేసేవారి మీద, పంపేవారి మీద కూడా ఇలాంటి దావాలకు దారి తెరుస్తూ ఇంకో చట్టం చేశారు. లబ్బాక్ కౌంటీ 2023లో ఒక అడుగు ముందుకేసి, అబార్షన్ కోసం స్త్రీని తమ రోడ్ల మీదుగా తీసుకెళ్లడాన్ని కూడా దావా వేయదగ్గ నేరంగా తీర్మానించింది.

అమెరికా పత్రికలు దీన్ని వింత న్యాయ ప్రయోగం అన్నాయి. మాకు వింతగా అనిపించలేదు. వాడలో ఆడపిల్ల ఎవరితో మాట్లాడింది, ఏ బస్సెక్కింది, ఎందుకు రెండు రోజులు పనికి రాలేదు అని చూడ్డానికి మన ఊళ్లలో పోలీసు అక్కర్లేదు. ఊరే చూస్తుంది, ఊరే తీర్పు చెబుతుంది. పక్కింటివాడి చూపును చట్టంగా మార్చడమెలాగో కులం ఎప్పుడో కనిపెట్టింది. టెక్సాస్ దానికి రేటు కట్టింది.

ఎవరు పోగలరు

నిషేధాన్ని సమర్థించేవాళ్లు తరచూ అనే మాట: ఇష్టం లేకపోతే వేరే రాష్ట్రానికి వెళ్లొచ్చు కదా. నిజమే, వేరే రాష్ట్రానికి వెళ్లి అబార్షన్ చేయించుకోవడం నేరం కాదు. డాలస్ నుంచి కాన్సస్‌లోని విచిటాకు సుమారు 600 కిలోమీటర్లు. న్యూ మెక్సికోలోని అల్బుకర్కీకి వెయ్యి దాటుతుంది. డాబ్స్ కేసు వేసిన మిసిసిపీ క్లినిక్కే తలుపులు మూసి న్యూ మెక్సికోకు తరలిపోయింది. క్లినిక్కు కూడా వలస పోయిన కాలం ఇది.

కానీ పోవడానికి కారు కావాలి, సెలవు కావాలి, పిల్లల్ని చూసే మనిషి కావాలి, డబ్బు కావాలి. రియో గ్రాండ్ లోయలో బతికే కాగితాలు లేని స్త్రీ ఉత్తరానికి బయల్దేరితే హైవే మీద బోర్డర్ పెట్రోల్ చెక్‌పోస్టు దాటాలి. ఆమెకు టెక్సాస్ నాలుగు గోడల గది. ఆ లోయలోని మెకలెన్‌లోనే 1977లో రోజీ హిమెనెజ్ చనిపోయింది. 27 ఏళ్ల కాలేజీ విద్యార్థిని, ఒంటరి తల్లి. అప్పుడు అబార్షన్ చట్టబద్ధమే. కానీ 1976లో తెచ్చిన హైడ్ సవరణ పేదల ఆరోగ్య పథకమైన మెడికెయిడ్ కింద అబార్షన్‌కు కేంద్ర నిధులు ఆపేసింది. చవకగా చేయించుకోబోయి ప్రాణం పోగొట్టుకుంది. హక్కు కాగితం మీద ఉండగానే పేద స్త్రీకి లేకుండా పోయిందన్నమాట.

మా వీసాల సంగతి అంత ఘోరం కాదు గానీ, దానికీ గొలుసులున్నాయి. హెచ్-1బి మనిషి ఒక మహానగర ప్రాంతం దాటి పని చోటు మార్చుకోవాలంటే కంపెనీ మళ్లీ దరఖాస్తు పెట్టాలి. గ్రీన్‌కార్డు ప్రక్రియ పని చోటుకు ముడిపడి ఉంటే, ఆ దశ మళ్లీ మొదలుపెట్టాల్సి రావచ్చు. ఉద్యోగం పోతే ఇంకొకటి చూసుకోవడానికి 60 రోజులు. పీహెచ్‌డీ విద్యార్థులం ప్రొఫెసరుకు, నిధులకు, ల్యాబుకు కట్టుబడి ఉంటాం. నాలుగో ఏడాదిలో ఇంకో రాష్ట్రానికి మారడమంటే చదువు వదులుకోవడమే. బావ తన మేనేజరును బదిలీ అడిగినప్పుడు "కుటుంబ కారణాలు" అని మాత్రమే రాశాడు. అసలు కారణం రాయాలంటే భార్య గర్భసంచి చరిత్ర ఆఫీసు మెయిల్లో పెట్టాలి.

ఇందులో ఇంకో వెక్కిరింత ఉంది. 2025 జనవరి 20న వచ్చిన అధ్యక్ష ఉత్తర్వు, మాలాంటి తాత్కాలిక వీసాల మీద ఉన్నవారికి పుట్టే బిడ్డలకు పౌరసత్వం ఉండదంది. కోర్టులు దాని అమలును ఆపాయి, వ్యాజ్యం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అక్క ఈ రెండింటినీ కలిపి ఒక్క మాటలో చెప్పింది: "కనడం మాత్రం తప్పదంట. కన్నాక మా వాడు కాదంట."

ఎక్కడికి పోవాలి

పోవాలనుకున్నాక ఎక్కడికి అన్నది ఇంకో ప్రశ్న. కాలిఫోర్నియా 2022 నవంబరులో అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో చేర్చింది. ఆ లెక్కన అదే సురక్షితం. కానీ కుల వివక్షను స్పష్టంగా నిషేధించే ఎస్‌బి 403 బిల్లు సభలు దాటి వచ్చాక, 2023 అక్టోబరులో ఆ రాష్ట్ర గవర్నరే వీటో చేశాడు. ఉన్న చట్టాలు చాలన్నాడు. ఉన్న మినహాయింపు చాలన్న టెక్సాస్ కోర్టు మాట మాకు గుర్తొచ్చింది. మరోవైపు సియాటిల్ నగరం 2023 ఫిబ్రవరిలో కుల వివక్షను నిషేధించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో అబార్షనూ చట్టబద్ధమే. అయితే అక్కడ ఉద్యోగం ఎవరిస్తారు, ఇంటి అద్దె ఎలా కడతాం?

అమెరికన్ స్త్రీవాదులు గీసిన పటాల్లో రాష్ట్రాలకు రెండు మూడు రంగులుంటాయి. దళిత స్త్రీ తన పటం తానే గీసుకోవాలి. అందులో గర్భసంచికి ఒక రంగు, కులానికి ఒక రంగు, వీసాకు ఒక రంగు.

"అయితే ఇంటికి పోయి కను" అన్నది అక్క వాళ్లమ్మ సలహా. గుంటూరులో ఆ రాత్రి జరిగింది ఆమె కళ్లారా చూసింది. చట్టం వరకు చూస్తే ఆమె మాటలో తప్పు లేదు. మన దేశంలో 1971 నుంచే ఎంటీపీ చట్టం ఉంది. 2021 సవరణ తర్వాత 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల దాకా ఇద్దరి అభిప్రాయంతో అబార్షన్ చేయవచ్చు. 2022 సెప్టెంబరు 29న మన సుప్రీంకోర్టు పెళ్లికాని స్త్రీలకూ ఆ 24 వారాల వెసులుబాటు వర్తిస్తుందని చెప్పింది. డాబ్స్ తీర్పు వచ్చిన మూడు నెలలకే వచ్చిన ఈ తీర్పును చూసి ఇక్కడి భారతీయులు చాలామంది గర్వంగా పంచుకున్నారు.

మేము అంత గర్వపడలేకపోయాం. మన చట్టంలో అబార్షన్ స్త్రీ హక్కుగా లేదు. డాక్టరు సరేనంటే శిక్ష ఉండదన్న మినహాయింపుగా ఉంది. ఐపీసీ 312లో ఉన్న నేరం భారతీయ న్యాయ సంహిత 88లోకి అలాగే వచ్చింది. 18 నిండిన స్త్రీ సమ్మతి ఒక్కటే చాలని చట్టం చెబుతున్నా, భర్త సంతకం ఏదీ అని అడిగే కౌంటర్లు మాకు తెలుసు. అక్క విషయంలోనూ తల్లి సంతకం తీసుకున్నారు. ఆ రాత్రి తలలో ఉన్నది ప్రాణం కాబట్టి అది ఎవరికీ తప్పుగా అనిపించలేదు.

ఇంకో సంగతి. టెక్సాస్ పూర్తి నిషేధం అమల్లోకి వచ్చింది 2022 ఆగస్టు 25న అని పైన రాశాం. సరిగ్గా అదే రోజు రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రభుత్వ ఆసుపత్రిలో కుటుంబ నియంత్రణ శిబిరం జరిగింది. ఒక్క రోజులో 34 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశారు. కొద్ది రోజుల్లోనే నలుగురు తల్లులు చనిపోయారు. అంతకు ఆరేళ్ల ముందే, 2016లో, దేవికా బిశ్వాస్ కేసులో ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయమని సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు నడుస్తుండగానే 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ శిబిరాల్లో పదిమందికి పైగా పేద స్త్రీలు చనిపోయారు.

ఒకే రోజు, ఒక రాజ్యం కనాల్సిందేనంది. ఇంకో రాజ్యం కనడం ఆపే పనిని గంటల లెక్కన చేసింది. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన స్త్రీలలో సుమారు 70 శాతం, తెలంగాణలో 60 శాతానికి పైగా ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. దేశంలో మగవాళ్ల ఆపరేషన్లు 0.3 శాతం. ఇంతమంది స్త్రీల చేత కోతలు వేయించిన ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు ముఖ్యమంత్రే ఎక్కువమంది పిల్లల్ని కనమంటున్నాడు. ఆపమన్నప్పుడూ కనమన్నప్పుడూ లెక్కలో ఉన్నది జనాభా. ఆ స్త్రీ ఏమనుకుంటోందని అడిగినవాళ్లు తక్కువ.

అడిగినవాళ్లు లేకపోలేదు. 1938 నవంబరులో బొంబాయి శాసనసభలో జనన నియంత్రణ మీద ఒక తీర్మానం వచ్చింది. అంబేడ్కర్ తయారుచేసిన ప్రసంగాన్ని ఆయన ఇండిపెండెంట్ లేబర్ పార్టీ సభ్యుడు పి.జె. రోహమ్ సభలో వినిపించాడు. గర్భం వద్దనుకునే నిర్ణయం పూర్తిగా స్త్రీదే కావాలన్నది అందులోని వాదనల్లో ఒకటి. తీర్మానం ఓడిపోయింది. 1994లో చికాగోలో కొందరు నల్లజాతి స్త్రీలు "పునరుత్పత్తి న్యాయం" అన్న మాటను ముందుకు తెచ్చారు. బిడ్డను వద్దనుకునే హక్కు, కావాలనుకునే హక్కు, కన్న బిడ్డను భద్రంగా పెంచుకునే హక్కు. మూడూ కలిస్తేనే న్యాయం అన్నారు. ఇబ్రహీంపట్నాన్నీ హ్యూస్టన్‌నూ ఒకే వాక్యంలో పెట్టి మాట్లాడగల భాష మాకు వాళ్ల దగ్గరే దొరికింది.

కారంచేడు నుంచి చీరాలకు

ఇదంతా విన్నాక మాలో ఒకరు అక్కను నిలదీశారు. "నువ్వు పోతే సరిపోతుందా? ఇక్కడుండే వాళ్ల సంగతేంటి?" అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. పారిపోతున్నానన్న భావన ఆమెలో ముందే ఉంది. ఆ మాట అన్నందుకు మేమూ బాధపడ్డాం. తర్వాత ఆలోచిస్తే, ఊరు విడవడం గురించి మన చరిత్ర ఇంకోలా చెబుతుందని తోచింది.

1985లో కారంచేడులో, మాదిగవాడ తాగే చెరువు నీళ్లను పాడుచేయొద్దని మున్నంగి సువార్త అనే స్త్రీ అడ్డం నిలిచింది. మరునాడు, జూలై 17న, పెత్తందార్లు వాడ మీద పడి ఆరుగురిని చంపారు. బతికినవాళ్లు ఊరు విడిచి చీరాల చేరారు. తిరిగి రమ్మన్నా పోలేదు. శిబిరం పెట్టుకుని, లోకమంతా అక్కడికి వచ్చేలా చేసి, చీరాలలోనే స్థలం సాధించుకుని కాలనీ కట్టుకున్నారు. 1991లో చుండూరు దళితులు తెనాలి చేరారు. తర్వాత, విచారణ కోసం ప్రత్యేక కోర్టు చుండూరు ఊళ్లోనే కూర్చోవాల్సి వచ్చింది. 1942లో నాగ్‌పూర్ సభలో అంబేడ్కర్ నాయకత్వాన అంటరానివారికి వేరే గ్రామాలు కావాలని తీర్మానించారు. ఆ ఊరు విడవడం ఓటమి కాదు, రాజ్యం మీద మోపిన కేసు.

టెక్సాస్ నుంచి పోయే స్త్రీకి ఆ బలం ఎందుకు లేదు? ఆమె ఒక్కతే పోతోంది. రాత్రిపూట, కారణం చెప్పకుండా, ఆఫీసులో "కుటుంబ కారణాలు" అని రాసి పోతోంది. అలా పోయినవాళ్ల లెక్క ఎవరి దగ్గరా లేదు, కాబట్టి చట్టం చేసినవాళ్లకు దాని ఖర్చు కనబడదు. పొమ్మనే చట్టం కోరుకునేది సరిగ్గా ఆ నిశ్శబ్దాన్నే. పోవాలా ఉండాలా అన్నది ప్రతి స్త్రీ తన ప్రాణాన్ని బట్టి తేల్చుకోవాల్సిన సంగతి. అందులో త్యాగాలు అడిగే హక్కు మాకెవరికీ లేదు. కానీ పోవడం ఒంటరిగా, రహస్యంగా జరగకుండా చూడటం ఉద్యమం పని.

అందుకే ఇది చదివే విద్యార్థులకు, కార్యకర్తలకు రెండు విషయాలు చెప్పాలనుకుంటున్నాం. తెలంగాణ అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా సాయం వస్తుంది. ఆ సాయంతో వచ్చే అమ్మాయిలు యూనివర్సిటీ ర్యాంకు చూస్తారు, ఫీజు చూస్తారు, వీసా చూస్తారు. ఆ రాష్ట్రంలో తమ శరీరం మీద ఏ చట్టం ఉందో వాళ్లకు ఎవరూ చెప్పరు. మాకూ చెప్పలేదు. బయల్దేరే ముందు అది చెప్పడం పథకంలో భాగం కావాలని మన సంఘాలు అడగాలి. రెండోది, ఇక్కడి అంబేడ్కర్ సంఘాల సమావేశాల్లో కుల వివక్ష గురించి ఎంత గట్టిగా మాట్లాడుకుంటామో, దీని గురించీ అంత గట్టిగా మాట్లాడుకోవాలి. మగవాళ్లు లేచి బయటికి వెళ్లకుండా కూర్చుని వినాలి.

బావకు బదిలీ దొరికింది. న్యూ జెర్సీ. అక్కడ 2022 జనవరిలోనే అబార్షన్ హక్కును చట్టంలో రాశారు. గ్రీన్‌కార్డు కాగితాల్లో కొన్ని మళ్లీ మొదటి నుంచి చేయాలంట, అద్దె ఎక్కువంట. ఆగస్టులో పోతున్నారు. మిగతా ముగ్గురం ఇక్కడే ఉంటాం. ఇద్దరికి చదువు, ఒకరికి ఉద్యోగం.

పోయే ముందు నలుగురం కలిసి ఒక చీటీ మొదలుపెట్టాం. నెలకు 50 డాలర్లు. మాలో ఎవరికైనా, మాకు తెలిసిన ఏ అమ్మాయికైనా ఒంట్లో బాగోక ఉన్నపళంగా ఆసుపత్రికో, ఊరు దాటో పోవాల్సి వస్తే అడక్కుండా ఇచ్చే డబ్బు. పుస్తకం తెరిచి మొదటి పేరు అక్కది రాయబోతే ఆమె పెన్ను పట్టుకుంది. "నేను పోతున్నా కదే. ఉండేవాళ్ల పేర్లు రాయండి" అంది. కట్టేవాళ్ల జాబితాలో మాత్రం తన పేరు తనే రాసుకుంది.